ఆగిన లెక్కను తిరిగి సాగించుట

ఇంటి అరుగుపై ఇద్దరు మిత్రులు చదరంగము ఆడుచున్నారు. ఆట మంచి పట్టులో ఉండగా లోపలి నుండి భోజనమునకు పిలుపు వచ్చినది. పిల్లలు కాయలు కదపుదురేమో అను భయముతో వారు ఏ గడిలో ఏ కాయ ఉన్నదో కాగితముపై వ్రాసికొని బల్ల ఎత్తివేసిరి. సాయంకాలము కూర్చుండి, కాగితము చూచి, కాయలన్నిటిని యథాస్థానములలో పేర్చిరి. బల్ల మధ్యాహ్నము ఉన్నట్లే ఉన్నది. కాని ఎత్తు ఇప్పుడు ఎవరిది? తెల్ల రాజును అంతకు ముందు ఒకమారు కదపి తిరిగి అదే గడిలో పెట్టిరా? పెట్టియున్నచో, ఏనుగుతో కలిపి కోట కట్టుటకు ఇక వీలు లేదు. ఈ రెండు సంగతులును కాగితముపై లేవు. కాయలన్నియు సరిగానే ఉన్నవి. ఆట మాత్రము తిరిగి రాలేదు.

ఈ చిక్కు చదరంగముతో ముగియునది కాదు. నేడు సముద్రమును, వాతావరణమును, అణువుల కదలికలను, ఇంకను తయారు కాని యంత్రములను సైతము కంప్యూటరులో లెక్కల రూపమున నడిపి చూచుచున్నారు. దీనినే సిమ్యులేషన్ అందురు. ఇట్టి లెక్క గంటలు, దినములు, ఒక్కొక్కప్పుడు నెలలు నడచును. నడుమ కరెంటు పోవచ్చును. యంత్రములో ఒక భాగము చెడవచ్చును. పలువురు పంచుకొను పెద్ద యంత్రముపై మనకు ఇచ్చిన గడువు ముగియవచ్చును. అందుచేత లెక్క నడుచుచుండగనే అప్పుడప్పుడు ఆ క్షణపు స్థితిని ఫైలులో భద్రపరతురు. ఆగినచో, మొదటికి పోక, ఆ ఫైలును చదివి అక్కడి నుండి సాగింతురు. వినుటకు ఇది సులభముగానే తోచును. అయితే ఆ ఫైలులో ఏమేమి వ్రాయవలెను? తిరిగి పేర్చిన స్థితి నిజముగా పూర్వపు స్థితియేనని ఎట్లు తెలిసికొనవలెను? మన ప్రసంగమునకు ఈ రెండే ప్రశ్నలు.

మొదటి ప్రశ్నను లోకమునకు మరువరాని రీతిలో నేర్పినవారు ఎడ్వర్డ్ లోరెంజ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు. ఆయన 1961లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచు, పన్నెండు సమీకరణములతో ఒక చిన్న వాతావరణ నమూనాను రాయల్ మెక్‌బీ కంపెనీ కంప్యూటరుపై నడుపుచుండిరి. ఒకనాడు అంతకు ముందు నడచిన లెక్కలో ఒక భాగమును మరికొంత దూరము పరిశీలింపగోరిరి. మొదటి నుండి నడుపుటకు బదులు, అచ్చయిన కాగితముపై నడుమనున్న ఒక వరుస అంకెలను యంత్రమునకు ఇచ్చి, అక్కడి నుండి సాగించి, కాఫీ త్రాగుటకు వెళ్లిరి. సుమారు గంటకు తిరిగి వచ్చి చూడగా యంత్రము రెండు నెలల వాతావరణమును లెక్కించియుండెను. అది మొదట పాత లెక్కతో సరిపోవుచు, తరువాత చివరి అంకెలో తేడా చూపి, ఆ తేడా సుమారు నాలుగు దినములకొకమారు రెట్టింపగుచు, తుదకు పాతదానితో పోలికయే లేకుండ పోయెను.

యంత్రము చెడినదేమో అని ఆయన మొదట అనుమానించిరి. చెడలేదు. యంత్రము తనలో ఆరు దశాంశ స్థానముల వరకు అంకెలను ఉంచుకొనుచుండగా, కాగితముపై మూడు స్థానములే అచ్చగుచుండెను. లోపల ఉన్నది 0.506127, ఆయన ఇచ్చినది 0.506. తేడా నాలుగువేలలో ఒక వంతు మాత్రమే. ఈ అనుభవము నుండియే, స్వల్పమైన ఆరంభ భేదము కొన్ని వ్యవస్థలలో మహా భేదముగా పరిణమించునను సత్యము రూపుదాల్చి, 1963లో ఆయన సుప్రసిద్ధ వ్యాసమునకు దారితీసెను. దానిని సృష్టి రహస్యముగా పలువురు చెప్పుకొందురు. కాని పనివాని దృష్టితో చూచినచో అది మరియొకటి కూడ: భద్రపరచిన స్థితిని తిరిగి సాగించుటలో జరిగిన పొరపాటు. కంటికొరకు అచ్చువేసిన అంకె వేరు. లెక్క సాగుటకు కావలసిన అంకె వేరు.

ఇక మన ఊరికి వత్తము. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరుసగా పెరిగి సైబరాబాదు అను పేరు స్థిరపడినది. ఈ వరుసకు ఉత్తరమున, ప్రగతి నగర్‌లో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము కలదు. ఇంకాయిస్ అను పొట్టి పేరుతో దీనిని వ్యవహరింతురు. 1999లో ఏర్పడిన ఈ సంస్థకు సముద్రము రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరము. అయినను బంగాళాఖాతము, అరేబియా సముద్రము, హిందూ మహాసముద్రము ఇక్కడి యంత్రములలో అంకెల రూపమున దినదినము కదలుచుండును. అలల ఎత్తు, ప్రవాహముల వేగము, చేపలు దొరకగల తావులు ఇక్కడి నుండియే తీర గ్రామములకు తెలియజేయబడును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007 అక్టోబరు 15 నుండి సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రము కూడ ఇక్కడనే పనిచేయుచున్నది.

ఇచ్చట ఒక భేదము గమనింపదగినది. సునామీ హెచ్చరికకు సమయము నిమిషములలో ఉండును. కనుక ఎక్కడెక్కడ ఎంతెంత భూకంపము వచ్చినచో అల ఎటు పోవునో వేలకొలది లెక్కలు ముందుగానే వేసి, ఫలితములను దాచియుంతురు. భూకంపము రాగానే తగిన ఫలితమును వెదకి తీయుదురు. అది ముగిసిన లెక్క. పుస్తకము తెరచి చదువుట వంటిది. నేను చెప్పుచున్నది ముగియని లెక్కను గురించి. సముద్రపు నిత్య పరిస్థితిని గణించు నమూనా ఎన్నటికిని ముగియదు. నిన్నటి సముద్రము నుండి నేటి సముద్రము, నేటి దాని నుండి రేపటిది పుట్టవలెను.

అంత దూరమేల? ప్రతిదినము క్రొత్తగా కొలిచి మొదలుపెట్టరాదా అని అడుగవచ్చును. సముద్రమును అంతటను కొలుచుట సాధ్యము కాదు. ఆర్గో అను అంతర్జాతీయ ప్రణాళిక క్రింద సుమారు నాలుగువేల తేలియాడు పరికరములు ప్రపంచ సముద్రములలో ఉన్నవి. అవి రెండువేల మీటర్ల లోతుకు దిగి, పది దినములకొకమారు పైకి వచ్చుచు, దారిలో ఉష్ణోగ్రతను, ఉప్పదనమును కొలిచి ఉపగ్రహమునకు పంపును. సుమారు మూడు వందల కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఉండవలెనని వాటి ఏర్పాటు. ఆ నడుమనున్న నీటి సంగతి ఎవరు చెప్పుదురు? భద్రపరచిన స్థితియే చెప్పవలెను. సముద్రమునకు జ్ఞాపకశక్తి మెండు. వర్షాకాలమున గోదావరి, గంగ తెచ్చిపోసిన మంచినీరు బంగాళాఖాతపు ఉప్పునీటిపై పలుచని పొరగా చాలకాలము నిలుచును. లోతు పొరలు కుదురుకొనుటకు వందల సంవత్సరములు పట్టును. ఆ జ్ఞాపకమంతయు ఫైలులో ఉండును. అది పోయినచో, నమూనాను మరల నిశ్చల జలము నుండి ఆరంభించి ఎన్నో సంవత్సరముల సముద్రమును తిరిగి లెక్కింపవలసివచ్చును.

అందుచేత పని ఈ విధముగా సాగును. పూర్వపు స్థితిని ఫైలు నుండి చదివి, గాలి, ఎండ, వానల వివరములతో నమూనాను ముందుకు నడుపుదురు. క్రొత్తగా వచ్చిన కొలతలతో సరిచూచి, తేడాలను గణిత పద్ధతిచే సవరింతురు. సవరించిన స్థితిని మరల భద్రపరతురు. అమెరికాలో పుట్టిన గోడాస్ అను ఇట్టి వ్యవస్థను ఇంకాయిస్‌లో నెలకొల్పి, దాని సముద్ర స్థితులను పుణె నగరములోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వారి ఋతుపవన సూచన నమూనాకు ఆరంభ స్థితులుగా అందించిరి. చూచితిరా! ఒక ఊరిలో ఆగిన లెక్క మరియొక ఊరిలో సాగుచున్నది. వేసవిలోనే రాబోవు వానలను అంచనా వేయుటకు, అప్పటి సముద్రపు వేడిని మోసికొని వచ్చు ఆ ఫైలే ఆధారము.

మరి ఆ ఫైలులో ఏముండవలెను? ఉదాహరణకు భూగోళమును అర్ధ డిగ్రీ గడులుగా విభజించితిమి అనుకొందము. చుట్టును 720, పైనుండి క్రిందికి 360. లోతున 40 పొరలు. మొత్తము గడులు 1,03,68,000. ప్రతి గడికి ఉష్ణోగ్రత, ఉప్పదనము, తూర్పు పడమరల ప్రవాహము, ఉత్తర దక్షిణముల ప్రవాహము అని నాలుగు అంకెలు. ఒక్కొక్క అంకెను ఎనిమిది బైట్లలో వ్రాసినచో సుమారు పదునారు అంకెల వరకు నిలుచును. నాలుగు బైట్లలో వ్రాసినచో ఏడు వరకే నిలుచును. పటము గీయుటకు ఏడే ఎక్కువ. కాని తిరిగి సాగించుటకు ఆ పొదుపు పనికిరాదు. పటము కొరకు దాచిన ఫైలు నుండి లెక్కను సాగింపజూచినవాడు లోరెంజ్ గారి కాగితమునే మరల చేతబట్టినవాడగును.

అంకెలు పూర్తిగా వ్రాసినను చాలదు. సముద్ర, వాతావరణ నమూనాలలో చిరకాలముగా వాడుకలో ఉన్న ఒక పద్ధతి కలదు. దానిని కప్పగంతు పద్ధతి అనవచ్చును. ఇందు రేపటి విలువ కట్టుటకు నేటి స్థితి ఒక్కటియే చాలదు. నిన్నటిది కూడ కావలెను. నిన్నటి చోటి నుండి, నేటి వేగముతో, రేపటికి గంతు వేయుదురు. కనుక ఫైలులో రెండు కాలముల స్థితులు ఉండవలెను. ఒక్కటే ఉన్నచో మొదటి అడుగు వేరొక విధముగా వేయవలసివచ్చును. లెక్క ఆగదు, తప్పు అని చెప్పదు, కాని అది ఆగకుండ సాగియుండినచో పోవు దారిన పోదు. చదరంగములో ఎత్తు ఎవరిదో వ్రాసికొనకపోవుట ఇదియే.

హైటెక్ సిటీ పరిసరములలోని చిప్పుల రూపకర్తలకును ఈ విద్య నిత్యావసరము. చిప్పును తయారు చేయక పూర్వమే దాని ప్రవర్తనను కంప్యూటరులో నడిపి తప్పులు వెదకుదురు. నిజమైన చిప్పు కనురెప్పపాటులో ముగించు పనికి ఈ అనుకరణలో గంటలు పట్టును. అట్టి చిప్పును మేల్కొలుపుటకు ఆరు గంటలు, ఆ తరువాత ఒక్కొక్క పరీక్షకు ఒక గంట అనుకొందము. నూరు పరీక్షలను మొదటి నుండి నడిపినచో 700 గంటలు. మేల్కొన్న స్థితిని ఒకమారు భద్రపరచి, నూరుమార్లు అక్కడి నుండి సాగించినచో 106 గంటలు. ఈ రంగమున వాడు వెరిలాగ్ భాష 1995లో ప్రమాణముగా వెలువడినప్పుడు, దాని అనుబంధములో సేవ్, రీస్టార్ట్ అను ఆజ్ఞలు సైతము పేర్కొనబడినవి.

ఇచ్చట రెండు గోతులు కలవు. మొదటిది యాదృచ్ఛిక సంఖ్యలు. పరీక్షలలో పాచికలు వేసినట్లు సంఖ్యలను పుట్టింతురు. ఆ పాచికల స్థితి కూడ ఫైలులో ఉండును. అందరును ఒకే ఫైలు నుండి, అవే పాచికలతో ఆరంభించినచో, నూరు పరీక్షలని అనుకొన్నవి ఒకే పరీక్షకు నూరు ప్రతులు కావచ్చును. కనుక ఇచ్చట పాచికలను బుద్ధిపూర్వకముగా మార్చవలెను. సముద్రపు లెక్కను యథాతథముగా సాగింపగోరినప్పుడు మాత్రము పాచికలు ఉన్నచో వాటిని యథాతథముగానే పెట్టవలెను. రెండవ గోయి ఇంకను సూక్ష్మము. నడుచుచున్న ప్రోగ్రాము బయట తెరచిన ఫైళ్లు, ఇతర ప్రోగ్రాములతో పెట్టుకొన్న సంబంధములు దాని స్వంత జ్ఞాపకములో ఇమడవు. స్థితి తిరిగి వచ్చును; ఆ సంబంధములు రావు. వాటిని మరల కలుపుటకు వేరుగా ఏర్పాటు చేయవలెను.

కావున స్థితి అనగా నేమి? కంటికి కనబడునది కాదు. జరిగిపోయిన దానిలో, జరుగబోవు దానిని మార్చగలిగినదంతయు స్థితియే. ఫైలుకు పేరు, తేదీ కూడ అందులోని భాగమే. కొన్ని నమూనాలలో సంవత్సరమునకు 365 దినములే; ఫిబ్రవరి 29 లేదు. అట్టి లెక్కను మరియొక పంచాంగముతో సాగించినచో, జూన్ గాలి మే నెల నీటిపై వీచకపోయినను, ఒక దినము తేడాతోనైన వీచును. అందుచేతనే ఏ అంకె ఏ రాశికి చెందినది, ఏ కొలమానమున ఉన్నది, ఏ తేదీది అని ఫైలులోనే వ్రాయు నెట్‌సీడీఎఫ్ వంటి రూపములు వాడుకలోనికి వచ్చినవి. చిరునామా కవరుపైననే ఉన్న ఉత్తరము దారి తప్పదు.

భద్రపరచు పద్ధతిలోను వివేకము కావలెను. పాత ఫైలును చెరిపి దానిపైననే క్రొత్తది వ్రాయుచుండగా కరెంటు పోయినచో పాతది పోవును, క్రొత్తది సగమే ఉండును. కనుక క్రొత్తదానిని వేరుగా వ్రాసి, పూర్తియైనదని నిశ్చయించుకొని, ఆ తరువాతనే పేరు మార్చవలెను. వెనుకటిదానిని ఒకటి ఉంచుకొనవలెను. అణువుల కదలికలను లెక్కించు గ్రోమాక్స్ అను ప్రోగ్రాము తనంత తానుగా పదునైదు నిమిషములకొకమారు స్థితిని వ్రాయుచు, వెనుకటి ప్రతిని కూడ నిలిపియుంచును. ఎంత సేపటికి ఒకమారు వ్రాయవలెనను ప్రశ్నకు జాన్ యంగ్ అను ఆయన 1974లో ఒక సూత్రము చెప్పిరి. ఒకమారు వ్రాయుటకు పట్టు కాలమును, యంత్రము సగటున చెడకుండ నడచు కాలముతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలము తీయవలెను. వ్రాయుటకు 5 నిమిషములు, చెడకుండ నడచునది 1000 నిమిషములు అయినచో, 10,000కు వర్గమూలము 100. అనగా నూరు నిమిషములకు ఒకమారు. అంతకన్న తరచుగా వ్రాసినచో వ్రాతకే కాలము వ్యయమగును. అరుదుగా వ్రాసినచో పోగొట్టుకొను పని పెరుగును.

ఇక రెండవ ప్రశ్న. తిరిగి వచ్చినది పూర్వపు స్థితియేనని ఎట్లు తెలియును? ఫైలు తెరచుకొన్నంత మాత్రమున తెలియదు. పటము అందముగా వచ్చినంత మాత్రమున అసలే తెలియదు. తప్పు స్థితి నుండి వచ్చిన సముద్రమునకు కూడ అలలుండును, ప్రవాహములుండును, రంగులుండును. దీనికి ఒక్కటే నమ్మదగిన పరీక్ష. పది దినముల లెక్కను ఆపకుండ నడుపుము. అదే లెక్కను అయిదు దినములు నడిపి, ఆపి, భద్రపరచి, తిరిగి తెచ్చి, మరి అయిదు దినములు నడుపుము. రెండింటి తుది అంకెలను చిట్టచివరి బిట్టు వరకు సరిచూడుము. ఒక్క అంకె తేడా వచ్చినను ఫైలులో ఏదో లోపించినదని అర్థము. అయితే రెండుమార్లును యంత్రము, ప్రోగ్రాము, ప్రాసెసరుల సంఖ్య ఒకటిగా ఉండవలెను. ప్రాసెసరుల సంఖ్య మారినచో కూడికల వరుస మారి, చివరి అంకెలు సహజముగానే కదలవచ్చును. అది ఫైలు దోషము కాదు.

కొందరు ఆక్షేపింపవచ్చును. సముద్రపు లెక్కను కొలతలతో సవరించుచునే ఉందురు గదా. చివరి బిట్టుకు ఇంత పట్టుదల ఏల? ఆక్షేపణ తోసివేయదగినది కాదు. చివరి బిట్టు మత్స్యకారుని పడవను ముంచదు. కాని ఆ తేడా ఒక జాడ. నేడు చివరి అంకెలో కనబడిన లోపము మరచిన రాశిని చూపును. ఆ రాశి రేపు చిన్నది కాకపోవచ్చును. కొలతలు దొరకిన చోట అవి తప్పును దిద్దును. తేలియాడు పరికరము లేని మూడు వందల కిలోమీటర్ల నడిమి నీటిలో దిద్దువారు లేరు. తుపానులకు బలమిచ్చు వేడి ఆ నీటిలోను ఉండవచ్చును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరువని మన తీరమునకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

సముద్రము అలజడిగా ఉండును, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు అను మాటను మీ ఇంటి రేడియోలో పలుమార్లు వినియుందురు. నగరములో ఉన్నవారు ఆ మాటను దాటి తరువాతి పాట కొరకు ఎదురుచూతురు. నిజాంపట్నములోనో, మచిలీపట్నములోనో ఒక ఇల్లాలు ఆ మాటను పూర్తిగా వినును. ఆ వాక్యము వెనుక, నిన్న ఆగిన చోటనే నేడు మొదలైన ఒక లెక్క ఉన్నది. అది ఆగి సాగినదని ఎవరికిని తెలియకుండుటయే దాని మేలు.